ముందు బతకనీయ్ బిడ్డా, పుంజో పెట్టో తర్వాత తెలుస్తది

బిడ్డా, పది పిల్లలను అట్టపెట్టెల పెట్టి ఫొటో తీసి పంపినవు. "పెద్దనాయనా, వీటిల పెట్టలెన్ని, పుంజులెన్ని?" అని అడిగినవు. నాటు పిల్లలను ఈ వయసుల ఫొటోల చూసి కాదు, చేతుల పట్టుకొని చూసినా మనలాంటోళ్లు చెప్పలేరు. చెప్తనని ముందుకొచ్చేటోని మాట సగం నిజమైతది. కండ్లు మూసుకొని చెప్పినా సగం నిజమే అయితది, ఉన్నవి రెండే రకాలు గద! నువ్వు అడగాల్సిన మాట వేరే ఉన్నది. ఎనిమిది వారాలకు ఈ పదిట్ల ఎన్ని మిగులుతయి? అది నీ చేతుల ఉన్నది. పుంజో పెట్టో అన్నది గుడ్డు పెట్టక ముందే తేలిపోయింది.

అది తేల్చేది తల్లి. పుంజు బీజం ఎప్పుడూ ఒకటే తీరు ఉంటది, తేడా పెట్ట దగ్గర ఉన్నది. మనుషులల్ల దీనికి తిరకాసు, తండ్రి దగ్గర తేలుతది. అయినా వరుసగ ఆడపిల్లలు పుడితె మన ఊర్లల్ల కోడలినే ఎత్తిపొడిచినరు. కోళ్లను సాకినోళ్లు గూడ అట్లనే అన్నరు, ఏం చేద్దం.

కొనదేరిన గుడ్డుల పుంజు ఉంటది, గుండ్రటి గుడ్డుల పెట్ట ఉంటదని మీ నానమ్మ ఏరి ఏరి పొదగేసేది. ఒక్కటి ఆలోచించు. ఒక పెట్ట పెట్టే గుడ్లు ఏడాది పొడుగునా దాదాపు ఒకటే ఆకారంల ఉంటయి, అది దాని గుడ్డు గొట్టం తీరు. మరి ఆ గుడ్లల్లకెల్లి పుంజులూ వస్తయి, పెట్టలూ వస్తయి గద. కాళ్లు పట్టి తలకిందులుగ వేలాడదీస్తె తల లేపేది పుంజు అనేది గూడ అసొంటి ముచ్చటనే. పిల్లకు ప్రాణం మీదికొస్తది, నీకు తెలిసేదేం ఉండది.

పది తెస్తె అయిదు పెట్టలని లెక్కేసుకున్నవు. లెక్క తప్పు కాదు, గని చిన్న లెక్కల అదృష్టం పాలు ఎక్కువ. పదేసి పిల్లలు తెచ్చుకున్న ఇండ్లు ఆరు ఉంటె, అండ్ల ఒక ఇంటికి ఏడుగని అంతకెక్కువ గని పుంజులే వస్తయి. ఆ ఇల్లు మీదే అయితె అమ్మినోన్ని తిట్టకు. అప్పుడే పుట్టిన పిల్లలల్ల ఆడ మగ ఏరకుంట కలగలుపుగ అమ్ముడు నాటు పిల్లల దగ్గర మామూలే.

మరి పెద్ద హేచరీలల్ల మొదటి రోజే ఎట్ల ఏరుతరు అంటవా? రెండు తీర్లు. మొదటిది పిల్ల వెనుక భాగాన్ని సుతారంగ తెరిచి, లోపల ఆవగింజంత కూడ లేని ఉబ్బును చూసుడు. జపాన్‌ల మసుయి, హషిమోతో అనే పండితులు 1920లల్ల ఈ పద్ధతిని నిలబెట్టినరు. 1933ల ఇంగ్లిషుల పుస్తకం వచ్చింది, ఆ తర్వాత జపాను పనివాళ్లు దేశదేశాలకు పోయి దీనితోనే బతికినరు. చేయి తిరిగినోళ్లు నూటికి 95కు పైనే సరిగ్గ చెప్తరు, గని ఆ చేయి తిరగడానికి వేల పిల్లలు చేతుల మీదికెల్లి పోవాలె. యూట్యూబుల చూసి నువ్వు చేస్తె పేగు చిట్లుతది. చెయ్యకు.

రెండోది రెక్క ఈకలు చూసుడు. రెక్క తెరిస్తె రెండు వరుసలుంటయి. కింది వరుస పొడుగుంటె పెట్ట, రెండూ సమానంగ ఉంటె పుంజు. ఇది వినంగనే నువ్వు రెక్కలు తెరిచి చూస్తవని నాకు తెలుసు. చూసుకో, గని నమ్మకు. తల్లిని, తండ్రిని అందుకోసమే ఏరి జత కలిపిన కోళ్లల్లనే ఇది పనిచేస్తది, అది గూడ మొదటి రెండు మూడు రోజులే. మన పెరటి కోళ్లల్ల ఈక పెరిగే తీరు దాని ఇష్టం.

ఈ ముచ్చటల్నే ఇంకోటి చెప్పాలె. మీ చిన్నోడు గులాబీ రంగు, పచ్చ రంగు పిల్లలు కావాలని ఏడ్చిండని అన్నవు. బడుల ముందు, జాతరలల్ల బుట్టలల్ల పెట్టి పది, ఇరవై రూపాయలకు అమ్మే రంగు పిల్లలు చాన మటుకు గుడ్ల కోళ్ల హేచరీలల్ల ఏరి పారేసిన పుంజులు. అవి గుడ్డు పెట్టయి, మాంసానికి తొందరగ ఎదగయి, అందుకే ఎవరికీ అక్కర లేదు. చాన దేశాలల్ల వాటిని పుట్టిన రోజే చంపేస్తరు. జర్మనీ 2022 జనవరి 1 నుంచి ఆ పని బంద్ పెట్టింది, ఇప్పుడక్కడ పిల్ల పొదగక ముందే గుడ్డుల ఆడ మగ చూసే మిషన్లు వచ్చినయి. రంగు పిల్లలను టీకా లేకుంట, వెచ్చదనం లేకుంట ఎండల తిప్పుతరు. వాటిల మిగిలేవి తక్కువ. మిగిలినా చాన మటుకు పుంజులే. అవి తెచ్చి ఈ పదిట్ల కలిపితె రోగం గూడ వెంట వస్తది. చిన్నోనికి నచ్చజెప్పు, లేకుంటె నాకు ఫోన్ ఇయ్యి.

ఇగ అసలు పని. మొదటి మూడు వారాలు ఒళ్లు దగ్గర పెట్టుకొని చూసుకోవాలె, ఆ తర్వాత కోడి చాన మటుకు తన బతుకు తాను బతుకుతది.

పిల్లకు మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం కావాలె. వారానికి మూడు డిగ్రీల లెక్కన తగ్గించుకుంట పోవాలె. మీ శామీర్‌పేట దిక్కు చెరువు గాలి, బయలు గాలి. సంక్రాంతి ముందు తెల్లారుజాము పట్నం నడిమిట్ల కంటె మీ దగ్గర చలి ఎక్కువ. అదే మే నెలల మధ్యాహ్నం బల్బు అసలు అక్కర లేదు, ఉంటేనే చస్తయి. కాబట్టి పుస్తకంల ఉన్న డిగ్రీలు ఒక కంట చూడు, పిల్లలను రెండు కండ్లతోని చూడు. బల్బు కింద కుప్పపడి అరుస్తుంటె చలి. బల్బుకు దూరం పోయి నోరు తెరిచి రెక్కలు జార్చి ఉంటె వేడి. ఒక మూలకే ఒరిగి ఉంటె ఎక్కడికెల్లో గాలి కొడుతున్నది. పెట్టెనిండ పరుచుకొని కొన్ని తింటూ కొన్ని పండుకొని ఉంటె నువ్వు పోయి పండుకోవచ్చు.

బల్బు అంటె పాత గాజు బల్బు. మొన్న మీ ఆయన ఎల్‌ఈడీ పెట్టి "తొమ్మిది వాట్లదే, మస్తు వెలుగుతున్నది మామయ్యా" అన్నడు. వెలుగు కాదు అల్లుడా, వేడి కావాలె. పిల్లకు రెండు వాట్లని లెక్క చెప్తరు, గని అది వందల పిల్లలు ఒకదానికొకటి ఒరుసుకొని ఉన్న దగ్గర. పదిటికి 40 వాట్లది పెట్టు, చలి రాత్రి 60 చెయ్యి. జానెడున్నర ఎత్తుల వేలాడదీసి, పిల్లలు చెప్పినట్టు పైకి కిందికి జరుపు. వైరును రెండు దగ్గర్ల కట్టు, ఊకల బల్బు పడితె ఇల్లు అంటుకుంటది. కరెంటు పోతె వేడి నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి నడిమిట్ల పెట్టు. తలుపులేసిన గదిల బొగ్గుల కుంపటి మాత్రం వద్దు, పిల్లలకే కాదు మీకు గూడ ప్రమాదం.

అట్టపెట్టె మూలలను అట్టముక్కలతోని గుండ్రంగ చెయ్యి. మూల దొరికితె అన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కింద ఉన్నది ఊపిరాడక పోతది. కింద రెండు అంగుళాల వరి ఊక పొయ్యి. మొదటి రెండు రోజులు ఊక మీద పాత పేపరు పరువు, లేకుంటె ఊకనే మేత అనుకొని తింటయి. పేపరు నున్నగ ఉంటె కాళ్లు చీరుకుపోతయి, ముడతలు ముడతలుగ నలిపి వెయ్యి.

ముందు నీళ్లు, తర్వాతనే మేత. ప్రయాణం చేసి వచ్చిన పిల్లకు మొదటి పూట నీళ్లల్ల జరంత బెల్లమో చక్కెరో కలుపు. గిన్నె లోతుగ ఉండొద్దు, అండ్ల చిన్నోని గోలీలు వెయ్యి. పిల్ల గోలీల నడిమిట్ల నీళ్లు తాగుతది, మునిగిపోదు. మెరుస్తయి కాబట్టి పొడిచి పొడిచి నీళ్లు నేర్చుకుంటది గూడ. రెండు మూడు గంటలైనంక మొక్కజొన్న రవ్వ, సన్న నూకలు పేపరు మీద చల్లు. రెండో రోజు నుంచి పిల్లల దాణా పెట్టాలె. నాటు కోడి నూకల మీద బతుకుతది గద అంటవు. బతుకుతది, గని నూకలల్ల మాంసకృత్తు తక్కువ, మొదటి ఎనిమిది వారాలు పిల్లకు మేతల అది ఇరవై శాతం దాక కావాలె. అప్పుడు కట్టని ఎముక తర్వాత కట్టది.

ఒకటి గట్టిగ చెప్తున్న. మీ చుట్టుపక్కల మేడ్చల్ దాక, తూప్రాన్ దాక గుడ్ల కోళ్ల షెడ్లే. ఒకప్పుడు ఆ భూములన్నీ అనాబెషాహి ద్రాక్ష తోటలు, తర్వాత షెడ్లు వచ్చినయి, ఇప్పుడు మీ వెంచర్లు వచ్చినయి. షెడ్డు కాడ లేయర్ దాణా బస్తా ఎవరన్న చవుకగ ఇస్తరు. పిల్లలకు పెట్టకు. అండ్ల గుడ్డు పెంకు కోసం సున్నం పిల్లకు కావాల్సిన దానికి మూడింతల పైనే ఉంటది, పిల్ల మూత్రపిండాలు ఓర్సుకోవు. మొదటి గుడ్డు కనపడేదాక అది దాని మేత కాదు.

రోజు పొద్దున ఒక్కొక్క పిల్లను చేతిలకు తీసుకొని వెనుక చూడు. రెట్ట అంటుకొని గట్టిపడితె దారి మూసుకుపోయి చస్తది. గోరువెచ్చని నీళ్ల గుడ్డతోని మెత్తగ తుడువు, పీకకు. అట్ల రోజూ పడుతుంటె ఏది బరువైతున్నది, ఏది బక్కగైతున్నది నీ అరచేతికే తెలుస్తది.

ఇగ రోగాలు. మన కోళ్లను ఊర్లకు ఊర్లు తుడిచిపెట్టేది కొక్కెర తెగులు. పచ్చటి పారుడు, మెడ మెలిక పడుడు, నోరు తెరిచి ఊపిరి తీసుడు. వచ్చినంక మందు లేదు. డాక్టర్లు దాన్ని రాణీఖేత్ అంటరు, 1920ల ఆఖర్ల హిమాలయాలల్ల ఆ పేరున్న ఊర్ల మన దేశంల మొదట గుర్తించినరు కాబట్టి. పుట్టిన అయిదు నుంచి ఏడు రోజుల నడుమ లసోటా టీకా చుక్క కంట్ల వెయ్యాలె. నాలుగో వారం మల్ల ఒకటి. ఎనిమిదో వారం ఆర్‌టూబీ సూది. నడుమ రెండో వారంల గంబోరో, ఆరేడు వారాలకు రెక్క పొరల మశూచి టీకా. నీరసంగ ఉన్న పిల్లకు ఏ టీకా వద్దు, కోలుకున్నంకనే.

టీకా సీసా ఒక్కటి తెస్తె అండ్ల వంద పిల్లలకు, అంతకెక్కువకు సరిపోయే మందు ఉంటది. కలిపినంక గంట రెండు గంటల్లనే వాడాలె, అది గూడ ఐసు మీద పెట్టి. నీ పది పిల్లలకు సీసా తెచ్చి తొంభై వంతులు పారబోసుడెందుకు? మీ వెంచర్ల ఎవరింట్ల కోళ్లున్నయో, పక్క బస్తీల ఎవరు సాకుతున్నరో అడిగి ఒక రోజు ఖరారు చెయ్యి. పశువుల దవాఖాన కాంపౌండర్ గూడ ఒక్క ఇంటికి వచ్చేదానికంటె పది ఇండ్లకు అంటె సంతోషంగ వస్తడు. మీ ఇంటికి కూతవేటు దూరంల తుర్కపల్లి జీనోమ్ వ్యాలీ ఉన్నది. కరోనా టీకా అక్కడికెల్లి దేశమంత పోయింది. దాని పక్క ఊర్లల్ల కంట్ల ఒక్క చుక్క పడక కోళ్లు చస్తున్నయంటె నాకైతె సిగ్గనిపిస్తది.

మూడో వారం దాటినంక ఇంకోటి కాపు కాసుకోవాలె. రెట్టల రక్తం కనపడితె అది కాక్సిడియోసిస్. తడిసిన ఊకల పుడుతది. వానకాలం ఊక గడ్డకడితె తీసి పారేసి ఎండిన ఊక పొయ్యి, నీళ్ల గిన్నెను ఇటుక మీద పెట్టు. రక్తం చూసిన రోజే డాక్టరును అడిగి ఆంప్రోలియం నీళ్లల్ల కలుపు. రెండు రోజులు చూద్దమనుకుంటె సగం పోతయి. మెడికల్ షాపుల దొరికిన యాంటీబయాటిక్ మాత్ర పొడి చేసి పోసుడు మాత్రం వద్దు. కొక్కెరకు అది పనిచెయ్యది, మిగిలిన దానికి ఏది ఇయ్యాలెనో మనకు తెలువది.

మీ తోటమాలి పొద్దటి పూట కోళ్ల షెడ్డుల పనిచేస్తడని చెప్పినవు. మంచోడు, గని అవే చెప్పులతోని మీ గూటి దగ్గరికి రానీయకు. అతని షెడ్డు మేలు కోసం గూడ చెప్తున్న, మీ కోళ్లకెల్లి రోగం అటు పోతె అక్కడ ఉన్నవి వేలు. 2015 ఏప్రిల్‌ల పట్నం ఆ కొసన హయత్‌నగర్ దిక్కు తొర్రూరుల బర్డ్ ఫ్లూ వచ్చి ఎన్నో కోళ్లను చంపి పూడ్చిపెట్టినరు. ఒక్క రోజుల ఉన్నపళంగ నాలుగైదు చస్తె ముట్టుకోకు, గుట్టుగ పూడ్చకు, దవాఖానకు ఫోన్ చెయ్యి.

గద్ద, పిల్లి, ముంగిస, వీధి కుక్క నీకు తెలిసినవే. మీ కొత్త ఇండ్ల కాడ అసలు దొంగ పందికొక్కు. కాలువ గొట్టాలల్లకెల్లి రాత్రి వస్తది. గూటికి కోళ్ల జాలి కాదు, అర అంగుళం సందు ఉన్న ఇనుప జాలి కొట్టించు, అడుగున గూడ. బల్బు బాధ లేని దారి గూడ ఒకటి ఉన్నది. ఎవరింట్లనన్న నాటు పెట్ట పొదుగు మీద ఉంటె, పిల్లలు ఒకటి రెండు రోజులవి అయినప్పుడు చీకట్ల దాని రెక్క కిందికి తోస్తె తెల్లారేసరికి తనవే అనుకుంటది. అప్పుడు బల్బు లేదు, కుంపటి లేదు. నీ పిల్లలకు ఆ వయసు దాటింది, వచ్చేసారి చూద్దం.

ఇట్ల నడుస్తుంటె నీ ప్రశ్నకు జవాబు దానంతట అదే వస్తది. నాలుగో వారం నాటికి తోక, వీపు చూడు. చాన మటుకు పెట్టలకు ఈక తొందరగ కమ్ముతది, పుంజులు బోడి వీపుతోని ఇంకొన్నాళ్లు తిరుగుతయి. ఇది అనుమానానికి పనికొస్తది, తీర్పుకు కాదు. అయిదారు వారాలకు కొన్నిటికి నెత్తి మీది జుట్టు ఎర్రబడి పెరుగుతది, దవడ కింద తమ్మెలు దిగుతయి. అవి పుంజులు కావచ్చు. కాళ్లు గూడ బలంగ ఉంటయి. ఎదురెదురు నిలబడి ఛాతి చూపెట్టుకుంటె పుంజులే అనుకోకు, ఆ వయసుల పెట్టలు గూడ అట్లనే కొట్లాడుతయి.

నేను నమ్మేది మెడ ఈకను, నడుము ఈకను. పది, పన్నెండు వారాలకు ఈకలు మార్చుకున్నంక ఒక ఈకను వేళ్ల నడుమ పెట్టి చూడు. కొన సూదిగ, సన్నగ, మెరుస్తూ ఉంటె పుంజు. కొన గుండ్రంగ ఉంటె పెట్ట. రంగు మోసం చేస్తది, జుట్టు మోసం చేస్తది, ఈ కొన చెయ్యది. ఆ తర్వాత తోకల వంకీ ఈకలు, మూడు నాలుగు నెలలకు కూత. ఆపైన తెల్వకపోవుడు ఉండదు.

జాతిని బట్టి గూడ చూడాలె. పందెపు జాతి బెరస పిల్లలకు పుంజుకైనా పెట్టకైనా జుట్టు చిన్న ముద్ద లెక్కనే ఉంటది, దాన్ని చూసి చెప్పబోతె పప్పుల కాలేస్తవు. కడక్‌నాథ్‌కు జుట్టే నల్లగ ఊదాగ ఉంటది, ఎరుపు కోసం చూస్తె ఎప్పటికీ దొరకది. మన రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ వాళ్లు పెరటి కోసం తయారుచేసిన వనరాజ, గ్రామప్రియ అయితె జుట్టు తొందరగనే చెప్తది. నీకు గుడ్లే ముఖ్యమైతె వచ్చేసారి గ్రామప్రియ తెచ్చుకో, పెరట్ల మంచిగ చూస్తె ఏడాదికి 160 నుంచి 180 దాక పెడుతది. వనరాజ 100, 110 పెడుతది, గని పుంజులు బరువు తూగుతయి. నాటు పెట్ట 50, 60తోని సరిపెడుతది, గని పొదుగుతది, పిల్లలను సాకుతది, గద్దను కనిపెడుతది. వనరాజకు, గ్రామప్రియకు పొదుగు బుద్ధి దాదాపు లేదు. రాజేంద్రనగర్‌ల ఆ పిల్లలు కావాలంటె ముందు చెప్పి పెట్టుకోవాలె, ఔటర్ రింగు మీద మీకు దూరమేం కాదు.

ఎక్కువ పుంజులు వస్తె ఏం చేస్తవో ఇప్పుడే ఇంట్ల మాట్లాడుకోండి. ఎనిమిది, పది పెట్టలకు ఒక్క పుంజు చాలు. ఒట్టి గుడ్లే కావాలంటె ఆ ఒక్కటి గూడ అక్కర లేదు, పుంజు లేకున్నా పెట్ట గుడ్డు పెడుతది, పిల్ల కాదంతే. నాలుగు పెట్టల నడుమ మూడు పుంజులు పెడితె పెట్టల వీపుల మీద ఈక మిగలది. మూడో నెల దాటంగనే పుంజులను వేరు గూట్ల పెట్టు.

కూత మీద మీ అసోసియేషనోళ్లు వస్తరు, రాకుంట ఉండరు. గూటి మీద దుప్పటి కప్పితె పొద్దు తెల్వక ఊకుంటదని ఎవరో చెప్పినరట. జపాన్‌ల నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు 2013ల పరీక్ష చేసి చూసినరు. వెలుగు తగలకున్నా పుంజు లోపలి గడియారంతోని తెల్లారక ముందే కూస్తది. దుప్పటి వేస్తె చప్పుడు జరంత తగ్గుతది, టైము మారది. కాబట్టి గూడు గోడవతలి పడకగదికి దూరం పెట్టు, మొదటి గుడ్ల బుట్ట వాళ్లింటికే పంపు.

మిగిలిన పుంజులను కోసుకొని తింటరా, తినండి, తప్పేం లేదు. ఆషాఢంల బోనాలకు అడిగేటోళ్లుంటరు. చేతులు రాకుంటె పెట్టలున్న ఇంటికి ఇయ్యి. జాలితోని చెరువు కట్ట మీద మాత్రం వదిలిపెట్టి రాకు, తెల్లారేసరికి కుక్కల పాలైతది. సంక్రాంతి దగ్గరికొస్తె బెరస రక్తం ఉన్న పుంజు కోసం కార్లల్ల వచ్చి నువ్వడిగిన దానికంటె ఎక్కువిస్తమంటరు. అది పందేనికి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద పందెం నేరం. చట్టం సంగతి అటుంచు, చిన్నోడు చేతుల పెంచిన పుంజు కాలికి కత్తి కట్టనిస్తనంటె నేనే మీ ఇంటికి రాను.

రేపు ఆరో రోజు, లసోటా చుక్క మరువకు. ఇవి పెరిగినంక పుంజులల్ల మెడ ఎర్రగ, కాళ్లు పచ్చగ ఉన్నది ఒకటి నా కోసం పక్కకు పెట్టు. మా పుంజుకు వయసు మీదపడ్డది, నా దగ్గర ఆరు పెట్టలున్నయి. అల్లుడు మేడ్చల్ దిక్కు వచ్చినప్పుడు గంపల పెట్టి పంపు, ఖాళీ గంప కాదు, ఉలవలు పోసి తిరిగి పంపుత.